చక్రంలా తిరిగే టేబుల్ సంబంధాలు: డిజైన్ నుంచి డిలీట్ దాకా

కాలేజీ డేటాబేస్‌లో శాఖ రికార్డు పెట్టాలంటే దాని హెచ్‌ఓడీ (శాఖాధిపతి) ఐడీ కావాలి. హెచ్‌ఓడీ రికార్డు పెట్టాలంటే ఆయన శాఖ ఐడీ కావాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు. ఇక్కడ ఇరుక్కున్న చాలామంది ఫారిన్ కీని (ఒక రికార్డు ఇంకోదాన్ని ఐడీతో చూపిస్తే, ఆ ఐడీ నిజంగా ఉందో లేదో చూసే నియమాన్ని) పీకేసి, "కోడ్‌లో చూసుకుందాంలే" అని ముందుకెళ్లిపోతారు. పీకనక్కర్లేదు. ఏ దిక్కు తప్పనిసరో, ఏ దిక్కు ఆగగలదో ముందు తేల్చుకుంటే ముడి దానంతటదే విడుతుంది.

ఉదాహరణలు ఎక్కువగా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌వి. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఒరాకిల్ వేరుగా నడిచే చోట ఆ సంగతి చెబుతాం.

## 1. ముందుగా: మీ చక్రం ఏ రకం?

కాగితం మీద గీసి చూడండి. మూడింట్లో ఒకటి అవుతుంది.

- చెట్టు: ఒకే టేబుల్, ప్రతి రికార్డుకు ఒకే పేరెంట్ (దాని పైనున్న రికార్డు). జిల్లా, రెవెన్యూ డివిజన్, మండలం, గ్రామం. ఉద్యోగి, ఆయన మేనేజర్.
- వల: ఒకే టేబుల్, ఒక్కో రికార్డుకు పేరెంట్లు చాలామంది. యంత్రం, దాని విడిభాగాలు. స్నేహితుల జాబితా.
- రెండు టేబుళ్ల చక్రం: శాఖ నుంచి అధ్యాపకుడికి ఒక ఫారిన్ కీ, అధ్యాపకుడి నుంచి శాఖకు ఇంకొకటి.

ఇంతకంటే ముఖ్యమైన తేడా ఇంకోటుంది. స్కీమాలో చక్రం వేరు, డేటాలో చక్రం వేరు. టేబుల్ తనను తానే చూపించడం స్కీమాలో చక్రం, అది తప్పు కాదు. ములుగు మండలం పైన ములుగు జిల్లా, ఆ జిల్లా పైన మళ్లీ ములుగు మండలం అని నమోదైతే అది డేటాలో చక్రం. ఫారిన్ కీ మొదటిదాన్ని పట్టించుకోదు, రెండోదాన్ని పట్టుకోలేదు.

టేబుల్ రాసే ముందు జవాబులు రాసుకోవాల్సిన ప్రశ్నలు:

- [ ] పేరెంట్ లేని రికార్డు ఉండొచ్చా? ఉంటే ఒకటా, చాలానా?
- [ ] పేరెంట్ మారుతుందా? మారితే పాత పేరెంట్ ఎవరో తర్వాత ఎవరైనా అడుగుతారా?
- [ ] పేరెంట్‌ను తొలగిస్తే పిల్లలేమవ్వాలి?
- [ ] ఎన్ని స్థాయిలు? స్థాయిలు స్థిరమా?

చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోకండి. స్థాయిలు ఎప్పటికీ నాలుగే అయి, ఒక్కో స్థాయికి వేరే కాలమ్‌లు అవసరమైతే నాలుగు విడి టేబుళ్లే మేలు. తనను తానే చూపించే టేబుల్ లోతు ముందుగా తెలియని చోట పనికొస్తుంది.

## 2. చెట్టు కట్టడం, వరుసక్రమంలో

టేబుల్ పేరు "ప్రాంతాలు" అనుకుందాం. కాలమ్‌లు నాలుగు: ఐడీ, పేరు, స్థాయి, పేరెంట్_ఐడీ.

2.1 పేరెంట్_ఐడీ డేటా టైప్ ఐడీ టైప్‌తో సరిగ్గా కలవాలి. ఒకటి ఇంటీజర్, ఇంకోటి బిగ్‌ఇంట్ అయితే మైఎస్‌క్యూఎల్ ఫారిన్ కీనే ఒప్పుకోదు. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకుంటుంది, కానీ ఇంటీజర్ నిండిన రోజు దొరికిపోతారు.

2.2 పేరెంట్_ఐడీ నల్‌ను (విలువ లేకపోవడాన్ని) అనుమతించాలి. చెట్టు మొదలుకు (అన్నిటికంటే పైనున్న రికార్డుకు) పేరెంట్ ఉండదు. ఒరాకిల్‌తో నేర్చుకున్నవాళ్లకు గుర్తుండే ఈఎంపీ టేబుల్లో 14 మంది ఉద్యోగులు, వాళ్లలో కింగ్ ఒక్కడికే మేనేజర్ కాలమ్ నల్. నల్ ఇష్టం లేక మొదలును తనకు తానే పేరెంట్‌గా పెట్టేవాళ్లున్నారు. అది పనిచేస్తుంది. కానీ ఆపైన రాసే ప్రతి రికర్సివ్ క్వెరీలోనూ (పేరెంట్‌కో పిల్లలకో మెట్టు మెట్టుగా వెళ్లే క్వెరీలోనూ) ఆ ఒక్క రికార్డును మినహాయించడం గుర్తుపెట్టుకోవాలి. నల్లే నయం.

2.3 ఐడీ, పేరెంట్_ఐడీ సమానం కాకూడదని చెక్ (ప్రతి రికార్డూ పాటించాల్సిన షరతు) పెట్టండి. పేరెంట్ నల్ అయితే చెక్ అడ్డుపడదు. మైఎస్‌క్యూఎల్‌లో చెక్‌లు అమలయ్యేది 8.0.16 నుంచే. పైగా ఆటో ఇంక్రిమెంట్ కాలమ్‌ను చెక్‌లో వాడనివ్వదు, కాబట్టి అక్కడ ఈ పని ట్రిగ్గర్‌తో (డేటా మారినప్పుడు తనంతట తానే నడిచే కోడ్‌తో) చేయాలి.

2.4 పేరెంట్_ఐడీ మీద ఇండెక్స్ వేయండి. మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ తనే వేసుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ వేయదు. మరిచిపోతే ఒక్క రికార్డు డిలీట్ చేసినా పిల్లలున్నారేమోనని టేబుల్ మొత్తం వెతుకుతుంది. "డిలీట్ ఎందుకో చాలా నెమ్మది" అన్న ఫిర్యాదు వస్తే ముందు చూడాల్సింది ఇదే.

2.5 మొదలు ఒక్కటే ఉండాలంటే, పేరెంట్ నల్ ఉన్న రికార్డులకే వర్తించేలా ఒక స్థిరమైన విలువ మీద పాక్షిక యూనీక్ ఇండెక్స్ పెట్టండి. రెండో మొదలు చేరబోతే అక్కడే ఆగిపోతుంది.

2.6 ఒకే పేరెంట్ కింద ఒకే పేరు రెండుసార్లు రాకూడదంటే పేరెంట్_ఐడీ, పేరు కలిపి యూనీక్. నల్‌లు ఒకదానితో ఒకటి సమానం కావు కనుక మొదలు స్థాయిలో ఇది పనిచేయదు. పోస్ట్‌గ్రెస్ 15లో వచ్చిన "నల్స్ నాట్ డిస్టింక్ట్" జోడిస్తే అక్కడా పట్టుకుంటుంది.

## 3. డేటాలో చక్రం పడకుండా ఆపడం

చెక్ ఆపగలిగింది తనకు తానే పేరెంట్ కావడాన్ని మాత్రమే. అ కింద ఆ, ఆ కింద ఇ, ఇ కింద మళ్లీ అ అని పడితే దానికి తెలియదు. దీనికి ట్రిగ్గర్ కావాలి.

1. ఇన్సర్ట్ మీద, పేరెంట్_ఐడీ అప్‌డేట్ మీద నడిచే ఆఫ్టర్ ట్రిగ్గర్ రాయండి. బిఫోర్ కన్నా ఆఫ్టర్ మేలు. ఒకే స్టేట్‌మెంట్‌లో పది రికార్డులు మారినా అన్నీ మారాక ఉన్న రూపాన్నే చూస్తుంది.
2. కొత్త పేరెంట్ నల్ అయితే వెంటనే తిరిగొచ్చేయండి.
3. కొత్త పేరెంట్ నుంచి పైకి రికర్సివ్‌గా నడవండి. దారిలో మన ఐడీయే ఎదురైతే ఎర్రర్ ఇవ్వండి.
4. ఈ నడకలో యూనియన్ ఆల్ కాకుండా యూనియన్ వాడండి, ఐడీ ఒక్కటే తీసుకోండి. చూసిన రికార్డు మళ్లీ వస్తే యూనియన్ దాన్ని వదిలేస్తుంది కనుక చక్రం ఉన్నా నడక ఆగుతుంది. లోతు అనే కాలమ్ చేర్చారో, ప్రతిసారీ లోతు మారి రికార్డు కొత్తదిగా కనిపిస్తుంది, ఇక ఆగదు.

పైకి నడక చవక. లక్ష రికార్డుల చెట్టయినా లోతు ఎనిమిదైతే చూసేది ఎనిమిదే.

ఇంతవరకు చాలామంది చేస్తారు. మిగిలిపోయే కంత ఇది: ఒక సెషన్ "అ"ను "ఆ" కింద పెడుతోంది. అదే క్షణంలో ఇంకో సెషన్ "ఆ"ను "అ" కింద పెడుతోంది. ఒకరి మార్పు కమిట్ (ఖాయం) కాలేదు కాబట్టి ఇంకొకరికి కనిపించదు. రెండు ట్రిగ్గర్లూ సరేనంటాయి. రెండూ కమిట్ అవుతాయి. చక్రం పడిపోయింది. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీ వేసే లాక్‌లు ఒకదానికొకటి అడ్డురావు కాబట్టి అదీ కాపాడదు.

రెండు మందులున్నాయి. ట్రిగ్గర్ మొదట్లోనే ట్రాన్సాక్షన్ ముగిసేదాకా ఉండే అడ్వైజరీ లాక్ ఒకటి, స్థిరమైన నంబరుతో తీసుకోండి. రెండో సెషన్ ఆగుతుంది, మొదటిది కమిట్ అయ్యాక చూసి ఎర్రర్ ఇస్తుంది. ట్రాన్సాక్షన్ ఐసొలేషన్ రీడ్ కమిటెడ్ స్థాయిలో ఉంటేనే ఇది సరిగ్గా పనిచేస్తుంది. రిపీటబుల్ రీడ్‌లో లాక్ దొరికినా కనిపించేది పాత స్నాప్‌షాటే. రెండో మందు సీరియలైజబుల్ స్థాయి. అందులో ఒక ట్రాన్సాక్షన్ 40001 కోడ్‌తో విఫలమవుతుంది, దాన్ని మళ్లీ ప్రయత్నించే కోడ్ మీ దగ్గర ఉండాలి. పేరెంట్లు రోజుకు పదిసార్లు మారే చోట అడ్వైజరీ లాక్ చాలు.

ఇప్పటికే చక్రాలు పడ్డాయేమో చూడటం: పేరెంట్ నల్ ఉన్నవాటి నుంచి కిందికి నడిచి, చేరుకున్న ఐడీలన్నీ తీయండి. టేబుల్లో ఉండి ఈ జాబితాలో లేనివి చక్రంలో ఉన్నట్టు, లేదా చక్రానికి వేలాడుతున్నట్టు. ఒక్కో రికార్డుకు ఒకే పేరెంట్ కాబట్టి మొదలు నుంచి కిందికి దిగే నడక చక్రంలోకి ఎన్నడూ అడుగుపెట్టదు. భయం లేకుండా నడపొచ్చు.

## 4. చదవడం: ఇక్కడ జరిగే తప్పులు

మొదలు మాయమవడం. ఉద్యోగి, మేనేజర్ పేర్లు పక్కపక్కన చూపాలని టేబుల్‌ను దానితోనే ఇన్నర్ జాయిన్ చేస్తే కింగ్ రిపోర్టులోంచి ఎగిరిపోతాడు. లెఫ్ట్ జాయిన్ వాడండి.

ఖాళీ ఫలితం. ఎవరికీ మేనేజర్ కానివాళ్లను వెతకడానికి "ఐడీ నాట్ ఇన్" అని మేనేజర్ కాలమ్‌ను ఇస్తే ఒక్కరూ రారు. ఆ జాబితాలో ఒక్క నల్ ఉన్నా నాట్ ఇన్ ఎప్పుడూ నిజం కాదు. నాట్ ఎగ్జిస్ట్స్ రాయండి.

ఆగని క్వెరీ. చక్రం మధ్యలోంచి మొదలైన రికర్సివ్ క్వెరీని ఎస్‌క్యూఎల్ సర్వర్ మామూలుగా 100 స్థాయిల దగ్గర, మైఎస్‌క్యూఎల్ 1000 దగ్గర ఎర్రర్‌తో ఆపేస్తాయి. పోస్ట్‌గ్రెస్‌కు అలాంటి హద్దు లేదు, స్టేట్‌మెంట్ టైమౌట్ మీరే పెట్టాలి. వెర్షన్ 14 నుంచి "సైకిల్" క్లాజ్ ఉంది, చక్రం తగిలిన రికార్డుకు గుర్తు పెట్టి అక్కడితో ఆగుతుంది. ఒరాకిల్ కనెక్ట్ బై వాడితే "నోసైకిల్" జోడించండి, లేకపోతే ఓఆర్ఏ-01436 ఎర్రర్ వస్తుంది.

## 5. పేరెంట్ కాలమ్ ఒక్కటీ చాలని చోట

### 5.1 పేరెంట్ కాలంతో పాటు మారితే

ములుగు మండలాన్ని తీసుకోండి. 2016 అక్టోబరు 11కు ముందు అది వరంగల్ జిల్లాలో ఉంది. ఆ రోజు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి వెళ్లింది. 2019 ఫిబ్రవరి 17న ములుగే జిల్లా అయింది. పేరెంట్_ఐడీని అప్‌డేట్ చేస్తూ పోతే 2015 నాటి లెక్కలు తీసినా మండలం ములుగు జిల్లా కిందే కనిపిస్తుంది, అప్పటికి ఆ జిల్లాయే లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే చిక్కు.

పరిష్కారం: పేరెంట్_ఐడీని వేరే టేబుల్లోకి తీయండి. ప్రాంతం_ఐడీ, పేరెంట్_ఐడీ, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. ములుగు మండలానికి మూడు రికార్డులు వస్తాయి, చివరిదానికి "ఎప్పటి దాకా" నల్. ఒకే ప్రాంతానికి తేదీలు ఒకదానిమీదొకటి పడకుండా పోస్ట్‌గ్రెస్‌లో తేదీల రేంజ్ మీద ఎక్స్‌క్లూజన్ కన్‌స్ట్రెయింట్ పెట్టొచ్చు. దానికి బీట్రీ_జిస్ట్ ఎక్స్‌టెన్షన్ కావాలి. ముగింపు తేదీని రేంజ్‌లో కలపకండి, లేకపోతే 2016 అక్టోబరు 11 రెండు జిల్లాలకూ వచ్చి పడుతుంది.

### 5.2 పేరెంట్లు చాలామంది అయితే

పంపుసెట్‌లో మోటారు ఒకటి, పంపు ఒకటి. మోటారుకు ఒక రకం బోల్టులు 4, పంపుకు అవే బోల్టులు 4. బోల్టుకు పేరెంట్ ఎవరు? ఇద్దరూ. కనుక లింకుల టేబుల్ కావాలి: మొత్తం_ఐడీ, భాగం_ఐడీ, సంఖ్య. మొదటి రెండూ కలిపి ప్రైమరీ కీ, ఆ రెండూ సమానం కాకూడదని చెక్, భాగం_ఐడీ మీద విడిగా ఇండెక్స్.

మొత్తం ఎన్ని బోల్టులో తీసే క్వెరీలో కిందికి దిగుతూ సంఖ్యలను గుణిస్తూ పోయి, చివర కూడాలి. ఇక్కడ యూనియన్ వాడితే దెబ్బ తింటారు. "బోల్టు, 4" అన్న రికార్డు రెండు దారుల్లో వస్తుంది, యూనియన్ రెండిటినీ ఒకటి చేస్తుంది, లెక్క 8 బదులు 4 వస్తుంది. ఎర్రర్ ఉండదు, పది పంపుసెట్లకు నలభై బోల్టులు తక్కువ కొంటారంతే. ఇక్కడ యూనియన్ ఆలే రాయాలి, చక్రం పడకుండా లింకుల టేబుల్ మీదే 3వ భాగంలో చెప్పిన ట్రిగ్గర్ పెట్టాలి.

### 5.3 ఇరువైపులా సమానమైతే

స్నేహంలో ఎవరూ పేరెంట్ కాదు. రెండు ఐడీల్లో చిన్నది ఎడమ, పెద్దది కుడి అని చెక్ పెట్టి జంటకు ఒకే రికార్డు ఉంచండి. ఎవరు అడిగారన్నది కావాలంటే దానికి ఇంకో కాలమ్.

## 6. రెండు టేబుళ్ల చక్రం విప్పడం

శాఖలు: ఐడీ, పేరు, హెచ్‌ఓడీ_ఐడీ. అధ్యాపకులు: ఐడీ, పేరు, శాఖ_ఐడీ. నాలుగు దారులున్నాయి, మా ఇష్టం వరుసలోనే ఇస్తున్నాం.

మొదటి దారి: చక్రమే వద్దు. "శాఖ బాధ్యతలు" అని మూడో టేబుల్: శాఖ_ఐడీ, అధ్యాపకుడు_ఐడీ, ఎప్పటి నుంచి, ఎప్పటి దాకా. హెచ్‌ఓడీలు మారుతుంటారు, పాత హెచ్‌ఓడీ సంతకం చేసిన కాగితాలు ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు చరిత్ర అడుగుతారు. అడిగాక కట్టేదానికన్నా ముందే కట్టడం తేలిక.

రెండో దారి: గుర్తు కాలమ్. అధ్యాపకుల టేబుల్లో "హెచ్‌ఓడీయేనా" అన్న బూలియన్. అది నిజం అయిన రికార్డులకే వర్తించేలా శాఖ_ఐడీ మీద పాక్షిక యూనీక్ ఇండెక్స్. శాఖకు ఒక్కరే హెచ్‌ఓడీ, ఆయన ఆ శాఖవాడే అన్న రెండూ ఒక్క దెబ్బకు ఖాయం. మైఎస్‌క్యూఎల్‌లో పాక్షిక ఇండెక్స్ లేదు.

మూడో దారి: ఒక వైపు నల్. ఏ వైపు? శాఖ లేని అధ్యాపకుడు ఉండడు, హెచ్‌ఓడీ లేని శాఖ కొన్నాళ్లయినా ఉంటుంది. కాబట్టి హెచ్‌ఓడీ_ఐడీకి నల్, శాఖ_ఐడీకి నాట్ నల్. చేసే క్రమం:

1. శాఖల టేబుల్‌ను హెచ్‌ఓడీ ఫారిన్ కీ లేకుండా సృష్టించండి.
2. అధ్యాపకుల టేబుల్‌ను శాఖ ఫారిన్ కీతో సృష్టించండి.
3. ఆల్టర్ టేబుల్‌తో శాఖలకు హెచ్‌ఓడీ ఫారిన్ కీ చేర్చండి.
4. డేటా పెట్టేటప్పుడు: శాఖ, అధ్యాపకుడు, ఆపైన శాఖలో హెచ్‌ఓడీ_ఐడీ అప్‌డేట్. మూడూ ఒకే ట్రాన్సాక్షన్‌లో.

నాలుగో దారి: రెండు వైపులా నాట్ నల్, తనిఖీ వాయిదా. నియమం నిజంగా అంత కఠినమైతేనే ఇది. పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూలైట్‌లలో ఫారిన్ కీని "డిఫరబుల్ ఇనీషియల్లీ డిఫర్డ్" అని పెడితే తనిఖీ కమిట్ దగ్గర జరుగుతుంది. ఐడీలను సీక్వెన్స్ నుంచి ముందే తీసుకుని రెండు ఇన్సర్ట్‌లు చేస్తే సరి. గుర్తుంచుకోవాల్సినవి:

- [ ] పోస్ట్‌గ్రెస్‌లో నాట్ నల్, చెక్ వాయిదా పడవు. ముందు నల్ పెట్టి తర్వాత నింపుదామంటే కుదరదు, ఐడీ ముందే తెలియాలి.
- [ ] ఎర్రర్ ఇన్సర్ట్ దగ్గర రాదు, కమిట్ దగ్గర వస్తుంది. కమిట్ చుట్టూ ఎర్రర్ పట్టుకునే కోడ్ లేకపోతే యూజర్‌కు "సేవ్ అయింది" అని చూపించి డేటా పోగొడతారు.
- [ ] డిలీట్‌ను అక్కడికక్కడే ఆపే రెస్ట్రిక్ట్ నియమం వాయిదా పడదు. నో యాక్షన్ వాడాలి.
- [ ] మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో వాయిదా సౌకర్యమే లేదు. అక్కడ మొదటి లేదా మూడో దారి.

హెచ్‌ఓడీ ఆ శాఖవాడే అయి ఉండాలంటే మూడు, నాలుగు దారుల్లో రెండు కాలమ్‌ల ఫారిన్ కీ కావాలి. అధ్యాపకుల్లో శాఖ_ఐడీ, ఐడీ కలిపి యూనీక్ పెట్టండి. శాఖల్లోని ఐడీ, హెచ్‌ఓడీ_ఐడీ జంట దాన్ని చూపాలి. ఆ యూనీక్‌ను డిఫరబుల్‌గా పెట్టకండి, పోస్ట్‌గ్రెస్ దాని మీద ఫారిన్ కీ కట్టనివ్వదు. హెచ్‌ఓడీ_ఐడీ నల్ అయితే జంట మొత్తం తనిఖీ జరగదు, మనకు కావాల్సిందీ అదే.

దీనికి ఆన్ డిలీట్ సెట్ నల్ (చూపిన రికార్డు పోతే కాలమ్‌ను నల్ చేయడం) పెట్టారంటే మాత్రం చిక్కు. హెచ్‌ఓడీని తొలగించగానే జంటలోని రెండు కాలమ్‌లనూ, అంటే శాఖ ఐడీని కూడా నల్ చేయబోయి ఎర్రర్ ఇస్తుంది. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి సెట్ నల్ పక్కన హెచ్‌ఓడీ_ఐడీ ఒక్కటే రాస్తే అదొక్కటే నల్ అవుతుంది.

ఇలాంటి నియమం పెట్టే ముందు అది నిజంగా నియమమో, అలవాటో కనుక్కోండి. జిల్లా కేంద్రం ఆ జిల్లాలోనే ఉండాలని రెండు కాలమ్‌ల ఫారిన్ కీ కట్టడం సబబుగానే అనిపిస్తుంది. రంగారెడ్డి జిల్లా కలెక్టరేట్ ఏళ్ల తరబడి హైదరాబాద్ లక్డీకాపూల్‌లో నడిచింది, కొంగర కలాన్ భవనం వచ్చింది 2022లో. ఆ డేటాబేస్ నిజమైన డేటానే తిరగ్గొట్టి ఉండేది.

## 7. తొలగింపు

క్యాస్కేడ్ (పేరెంట్ పోతే పిల్లలనూ తొలగించే నియమం) చేతికందగానే వాడేయకండి. చెట్టులో క్యాస్కేడ్ అంటే జిల్లా డిలీట్ చేస్తే గ్రామాలతో సహా పోవడం. చక్రంలో అయితే హెచ్‌ఓడీ రికార్డుతో శాఖ, శాఖతో అధ్యాపకులందరూ.

- ఎస్‌క్యూఎల్ సర్వర్ తనను తానే చూపించే ఫారిన్ కీ మీద క్యాస్కేడ్‌ను 1785 ఎర్రర్‌తో మొదట్లోనే తిరగ్గొడుతుంది.
- ఇన్నోడీబీ ఒప్పుకుంటుంది గాని 15 స్థాయిల లోతు దాటనివ్వదు. తనను తానే చూపించే ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్‌ను రెస్ట్రిక్ట్‌లానే చూస్తుంది.
- చెట్టులో సెట్ నల్ పెడితే పిల్లలందరూ చప్పుడు లేకుండా కొత్త మొదళ్లవుతారు. మెనూలో ఉన్నట్టుండి నలభై విభాగాలు కనిపించాయంటే కారణం చాలాసార్లు ఇదే.

చెట్టుకు నో యాక్షన్ పెట్టి, ముందు పిల్లలను వేరే పేరెంట్‌కు మార్చి, ఆపైన తొలగించండి. మూడో దారి చక్రంలో క్రమం: హెచ్‌ఓడీ_ఐడీని నల్ చేయడం, అధ్యాపకులను తొలగించడం, శాఖను తొలగించడం.

## 8. ఓఆర్ఎం (కోడ్‌లోని క్లాసులను టేబుళ్లకు కలిపే లైబ్రరీ) దగ్గర

జాంగోలో తన మోడల్‌ను తానే చూపడానికి "సెల్ఫ్" అన్న స్ట్రింగ్, ఇంకా రాయని మోడల్‌ను చూపడానికి దాని పేరు స్ట్రింగ్‌గా. పోస్ట్‌గ్రెస్‌లో జాంగో ఫారిన్ కీలను ముందే డిఫర్డ్‌గా సృష్టిస్తుంది, కాబట్టి కమిట్ దగ్గరి ఎర్రర్ సంగతి మీకూ వర్తిస్తుంది.

ఎస్‌క్యూఎల్ఆల్కెమీలో చెట్టుకు "రిమోట్_సైడ్" చెప్పకపోతే పేరెంట్, పిల్లలు తారుమారవుతారు. రెండు టేబుళ్ల చక్రానికి ఫారిన్ కీ మీద "యూజ్_ఆల్టర్", రిలేషన్‌షిప్ మీద "పోస్ట్_అప్‌డేట్" రెండూ పెట్టండి. మొదటిది టేబుళ్లు సృష్టించే క్రమానికి, రెండోది డేటా రాసే క్రమానికి.

జావాలో చక్రం దెబ్బ డేటాబేస్‌లో కాదు, జేసన్‌లో తగులుతుంది. శాఖలో అధ్యాపకులు, ప్రతి అధ్యాపకుడిలో శాఖ, అందులో మళ్లీ అధ్యాపకులు, స్టాక్ నిండేదాకా. లాంబాక్ సృష్టించే టుస్ట్రింగ్‌దీ అదే తంతు. ఎంటిటీలను నేరుగా బయటికి పంపకుండా, శాఖ ఐడీ, పేరు మాత్రమే ఉన్న చిన్న క్లాస్‌ను పంపండి.

## 9. బ్యాకప్, లోడ్, ఆఖరి పరీక్షలు

పీజీ_డంప్ (పోస్ట్‌గ్రెస్ బ్యాకప్ సాధనం) పూర్తి బ్యాకప్ అయితే డేటా అంతా ఎక్కాక ఫారిన్ కీలు చేరుస్తుంది, ఇబ్బంది లేదు. డేటా మాత్రమే తీస్తే చక్రం ఉందని హెచ్చరిస్తుంది. అప్పుడు ట్రిగ్గర్లు ఆపి ఎక్కించాలి, దానికి సూపర్‌యూజర్ హక్కు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్_కీ_చెక్స్‌ను 0 చేసి ఎక్కించి మళ్లీ 1 చేస్తారు. 1 చేయగానే పాత రికార్డులన్నీ తనిఖీ అవుతాయనుకుంటే పొరపాటు, ఆ మధ్యలో ఎక్కిన తప్పులు అలాగే ఉంటాయి. అనాథ రికార్డులను లెఫ్ట్ జాయిన్‌తో మీరే వెతకాలి.

విడుదలకు ముందు నడపాల్సినవి:

- [ ] రికార్డును తనకు తానే పేరెంట్ చేయబోతే ఆగుతోందా?
- [ ] మూడు రికార్డుల చక్రం వేయబోతే ఆగుతోందా?
- [ ] రెండు టెర్మినళ్లలో రెండు ట్రాన్సాక్షన్లు తెరిచి, ఒకదాన్నొకటి పేరెంట్ చేసి, రెండూ కమిట్ చేస్తే ఒకటైనా విఫలమవుతోందా?
- [ ] హెచ్‌ఓడీని తొలగిస్తే శాఖ మిగిలే ఉందా?
- [ ] వేరే శాఖ అధ్యాపకుణ్ణి హెచ్‌ఓడీగా పెట్టబోతే ఎర్రర్ వస్తోందా? డిఫర్డ్ అయితే కమిట్ దగ్గర చూడండి.
- [ ] ఖాళీ డేటాబేస్‌లోకి బ్యాకప్ ఎక్కించాక, మొదలు నుంచి కిందికి నడిచి లెక్కపెట్టిన రికార్డుల సంఖ్య టేబుల్ మొత్తం సంఖ్యతో సరిపోతోందా?